సీడరు పెట్టె చేసిన షడ్డకుడు

మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో అంగడి షట్టరు ఎత్తుతుంటే నా భార్య ఫోన్ చేసింది. “పులివెందుల బావ పోయినాడంట” అంది. గుండెపోటని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నా మనసులో మెదిలిన మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఇక బతికినన్నాళ్ళూ మామ నోట పెద్దల్లుడి మాట తప్ప ఇంకో మాట రాదు అనుకున్నాను.

పోయినాయన మా ఆవిడ అక్క భర్త, నాకు షడ్డకుడు. అన్నా అని పిలిచేవాణ్ణి. పులివెందుల హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. చెవి మీద పెన్సిలు, చొక్కా జేబులో ఇంకోటి. ఏ కట్టె ముక్క చేతికిచ్చినా ముందు వాసన చూసి, ఆ తర్వాతే మాట్లాడేవాడు. నాది బట్టల వ్యాపారం. జమ్మలమడుగులో మామ ఇంటికి నేను పట్టుపంచెలు, పండ్ల బుట్టలు పట్టుకుని పోయేవాణ్ణి. అన్న వట్టి చేతులతో వచ్చి, కిర్రుమంటున్న తలుపు సరిచేసి, కింద కూర్చుని అన్నం తినేవాడు. మామ మాత్రం నా పక్కనున్న కుర్చీలోంచి లేచి, పోయి ఆయన దగ్గర కూర్చునేవాడు.

మామకు భోజనమయ్యాక చుట్ట కాల్చడం అలవాటు. ఒకసారి కువైట్ నుంచి వస్తున్న మా ఖాతాదారు చేత సిగార్ల డబ్బా తెప్పించి ఇచ్చాను. మామ చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆదివారానికొకటి అని లెక్క పెట్టుకున్నాడు. కానీ అది జమ్మలమడుగు ఎండాకాలం. నెల తిరగకుండానే ఆకు ఎండి పెళుసుబారింది. తడిగుడ్డ చుట్టి స్టీలు డబ్బాలో పెడితే రెండు సిగార్లకు బూజు పట్టింది.

సంగతి తెలిసి అన్న బెంగళూరు పోయి, కట్టెల డిపోలన్నీ తిరిగి, సిగార్లకు పెట్టె చేయడానికి సీడరు పలకలు తెచ్చాడు.

“దేవదారేనా అన్నా?” అని అడిగాను.

“కాదప్పా. దేవదారు జిగురు కారుతాది, వాసన శానా ఘాటు. ఇది ఏప జాతి సీడరు. పురుగును రానీదు, తొందరగా బూజు పట్టదు. తేమ ఎక్కువైతే పీల్చుకుంటాది, తక్కువైతే ఇస్తాది.”

పెట్టె లోపల వార్నీషు వేయలేదు. కాచి చల్లార్చిన నీళ్ళలో గుడ్డ ముంచి లోపలంతా తుడిచి, మూడు రోజులు ఖాళీగా మూసిపెట్టాడు. మామ తొందరపడితే, “ముందు కట్టె దప్పి తీర్చల్ల మామా. దప్పిగొన్న కట్టె సిగారులో తడినే తాగుతాది” అన్నాడు.

సిగార్లు మళ్ళీ మెత్తబడ్డాయి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మామ మూత తెరిచి వాసన చూపించేవాడు. “మా పెద్దల్లుడు చేసినాడు.” అందులో ఉన్న సిగార్లు ఎవరు తెచ్చారో ఒక్కరికీ చెప్పలేదు.

నాకు కడుపు మండిపోయింది. తర్వాతిసారి పోయినప్పుడు అంగట్లోంచి నాలుగు కలరా ఉండలు జేబులో వేసుకుపోయి, ఎవరూ లేనప్పుడు పెట్టె అడుగున, సిగార్ల తట్ట కింద వేశాను.

పదిహేను రోజులకు మామ ఇద్దరినీ పిలిపించాడు. మా ముందే సిగారు ముట్టించి, దగ్గి, ఉమ్మేశాడు. “ఏందిది? బీరువాలో గుడ్డలు కాల్చినట్ల ఉండాది!”

అన్న తట్ట ఎత్తాడు. కరిగి చిన్నవైన ఉండలు కనపడ్డాయి. ఆయన నా వైపు చూశాడు. ఒక్కసారే. పిడికిట్లోకి తీసుకుని, “తప్పు నాదే మామా. పురుగు పడతాదేమోనని నేనే ఏసినా” అన్నాడు.

“నీకు బుద్ధుండాదా? సదువు చెప్పేటోడివేనా నువ్వు?” అని మామ కేకలేశాడు. అన్నను ఆయన తిట్టగా వినాలని ఎన్నేళ్ళో ఎదురుచూశాను. తీరా వింటుంటే అక్కడ నిలబడలేక వాకిట్లోకి పోయాను.

బస్టాండు దాకా వెంటబడి పోయాను. “ఎందుకట్ల చెప్తివన్నా?”

“నువ్వని తెలిస్తే మామకు నీ మీద కోపం యాడ పోతాది? నా మీదైతే రెండు దినాల్లో పోతాది” అన్నాడు. అందులో గర్వం లేదు, దెప్పు లేదు. వాన పడేట్టుంది అన్నంత మామూలుగా చెప్పి పులివెందుల బస్సెక్కాడు. తన మీద కోపం నిలవదని అంత నమ్మకంగా అనగలిగినందుకు, ఆ పూట ఆయనంటే ముందుకన్నా ఎక్కువ అసూయ పడ్డాను.

పెట్టెకు పట్టిన వాసన వదల్లేదు. లోపలి పలకలన్నీ ఊడదీసి కొత్తవి వేయాల్సి వచ్చింది. నేనొక ఆదివారం పులివెందుల పోతే, గరుకు కాగితం నా చేతిలో పెట్టాడు. “ఈడ రుద్దు. అడ్డంగా కాదప్పా, నార ఎట్ల పోతాందో అట్ల.” మధ్యాహ్నం దాకా రుద్దాం. ఆయన నాకు నేర్పింది అదొక్కటే. ఆయన దగ్గర నేను అసూయ పడకుండా గడిపిన పూట కూడా అదొక్కటే.

దినాల రోజు పులివెందులలో మామను ఇంటి పెరట్లో అన్న పనిచేసే కొట్టంలోకి తీసుకుపోయాను. చెప్పకుండా ఉండలేకపోయాను. “మామా, ఆ పొద్దు పెట్టెలో ఉండలు ఏసింది నేను.”

“తెలుసులేప్పా” అన్నాడు మామ. “కట్టె సంగతి అంత తెలిసినోడు ఆ పని చేస్తాడా? తనను తిట్టమని కండ్లతోనే అడిగినాడు. అందుకే తిట్టినా.”

ఇన్నేళ్ళు ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యా ఉంది, నాకు తెలియకుండా. చచ్చిపోయిన మనిషి మీద మళ్ళీ అసూయ కలిగింది. ఈసారి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

బల్ల మీద బిగించిన పలక ఒకటి అట్లాగే ఉంది. సగం వరకే చిత్రిక పట్టి ఉంది. మామ దాని మీద అరచేయి ఆనించాడు. చేయి నునుపు మీద మెల్లగా జరిగి, గరుకు మొదలయ్యే చోట ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడిదాకా పోయి ఆగింది. నేను గడప దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయాను.