కింది గ్రేడులో ఎవరో ఒకరు

యూనివర్సిటీలో జీతాల సెక్షన్‌కు నేను సూపరింటెండెంట్‌గా ఉన్నప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. ఇకమీదట ఇంక్రిమెంట్ పనితీరును బట్టే ఇస్తారు. ప్రతి సెక్షన్‌లోనూ ఎవరో ఒకరిని కింది గ్రేడులో పెట్టాల్సిందే. వాళ్లకు ఆ ఏడు ఇంక్రిమెంట్ ఉండదు.

పద్ధతి మారినందుకు నాకు కోపం లేదు. పని ఎగ్గొట్టేవాళ్లకూ చేసేవాళ్లకూ ఒకే జీతమేమిటని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. కానీ నా దగ్గర మిగిలింది నలుగురే. ఖాళీలు నింపకపోవడంతో ఒక్కొక్కరూ ఇద్దరి పని లాగుతున్నారు.

ఆ మాటే పై అధికారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు.

"నాకు తెల్వదా ఏందయ్యా? ఒక పేరు పెట్టకపోతే సిస్టం తీసుకుంటలేదు. నన్నేం జెయ్యమంటవ్?"

సంగతి సెక్షన్‌లో పొక్కింది. ఎవరూ నన్నేమీ అడగలేదు. నేను లోపలికి రాగానే మాటలు మాత్రం ఆగిపోయేవి.

ఒక సాయంత్రం మా సీనియర్ అసిస్టెంట్ నాతో తార్నాక దాకా నడిచింది. ఆవిడ ఉండేది సీతాఫల్‌మండిలో. అది తన దారి కాదు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి.

"నా పేరు రాయుండ్రి సార్" అంది. "మిగిలినోళ్ల పిల్లలు ఇంకా చదువుకుంటున్నరు. నేనెట్లాగూ పోయేదాన్నే గదా."

"మీ పెన్షన్ మీద పడ్తది మేడం."

"ఇన్నేండ్లు జీతాల సెక్షన్ల చేసి గది తెల్వదా సార్?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. సిగ్నల్ దగ్గర ఆవిడను సీతాఫల్‌మండి బస్సెక్కించాను.

ఆవిడ పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకొకరి పేరూ రాయలేకపోయాను. వేరే సెక్షన్‌కు మార్చమని అడిగితే పరీక్షల విభాగానికి పంపారు. నా చోటికి వచ్చినాయన తొలి వారంలోనే పేరు పంపించాడు. ఆవిడ పేరే.

"నేనే చెప్పిన సార్. మీరు మనసుల పెట్టుకోకుండ్రి" అంది, కారిడార్‌లో కనబడినప్పుడు. నేను తప్పుకోవడం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

తర్వాత ఆవిడ రిటైరైంది. ఆ పోస్టూ నింపలేదు. మిగిలిన ముగ్గురిలోంచి కూడా ఒక పేరు పంపమన్నారట.