కొంగున కట్టిన కళ్ళు

మా ఆయమ్మ పోయింది. పోయిన పన్నెండు రోజులకు గాని ఆ కబురు మా ఇంటికి రాలేదు. కోంటా నుంచి వచ్చే సరుకు లారీలో ఆమె మేనకోడలు జగ్దల్‌పూర్ దాకా వచ్చింది. మా వరండా మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని చెప్పింది: "అత్త పోయింది దొరసానమ్మా. ఎర్రబోరులనే పోయింది. మూడు దినాలు జొరం. మీకు చెప్పి రమ్మన్నది."

పద్నాలుగేళ్ళుగా నేను ఆమె ముఖం చూడలేదు. కోంటా దారిలో ఉన్న ఎర్రబోరు దూరమే, కానీ చూడకపోవడానికి కారణం ఆ దూరం కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. పోయిన మనిషిని గురించి రాసేటప్పుడు మన మంచితనం కూడా కొంచెం కలిపి రాసుకుంటాం. ఈసారి ఆ వెసులుబాటు నాకు లేదు.

ఆమె మా ఇంట్లో ఆయాగా పనిచేయలేదు. వయసులో ఉండగా ఒక తెల్లదొర బంగళాలో పిల్లల్ని పెంచింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై ఓడెక్కి వెళ్ళిపోయారు. చేతికి అలవాటైన ఒక పని మాత్రం ఆమెకు మిగిలింది: చిరిగిన బొమ్మల్ని బాగుచేయడం. మట్టివీ కర్రవీ కాదు, గుడ్డతో కుట్టి లోపల చెక్కపీచు కూరిన మెత్తటి బొమ్మలు. ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ఒకటీ అరా ఏనుగులు. సంస్థానం ఉద్యోగుల ఇళ్ళకు కలకత్తా నుంచి, మద్రాసు నుంచి వచ్చేవి. ఇక్కడి వానలకు నాని, చెదలు కొట్టి, పిల్లలు చెవి పట్టుకుని ఈడ్చగా ఈడ్చగా సగం ప్రాణంతో ఆమె దగ్గరకు చేరేవి. మా క్వార్టరు వెనక ఒక చిన్న గది ఖాళీగా ఉంటే అందులో ఉండేది. నాతో తెలుగు, బజారులో హల్బీ, చప్రాసీతో హిందీ మాట్లాడేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం తనలో తాను తన ఇంటి భాష దోర్లీలో గొణుక్కునేది.

ఆమె పనికి ఒక పద్ధతి ఉండేది. బొమ్మ చేతికి రాగానే ముందు దాని కళ్ళు ఊడదీసేది. ఆ రెండు గుండీలనూ కొంగు చివర ముడివేసుకునేది. ఆ తర్వాతే కడుపు కుట్టు విప్పడం. పనంతా అయ్యాక, కడుపు మూసి, బొచ్చు దువ్వి, అన్నిటికన్నా చివర ఆ కళ్ళే తిరిగి కుట్టేది. ఎందుకలా అని అడిగాను.

"కడుపు కోసేటప్పుడు కళ్ళుంటే బయపడదా? నువ్వు దవాఖానల కండ్లు తెరుచుకొని పండుకుంటవా ఏంది?"

కొన్ని రోజులు ఆమె కొంగుకు మూడు ముడులు వేలాడేవి. ముగ్గురు రోగులున్నారన్నమాట. లోపలి పాత పీచంతా పారేసేది కాదు. ఎండబెట్టి, ఒక పిడికెడు తిరిగి లోపలే పెట్టి, దాని చుట్టూ గింజలేరిన బూరుగుదూది కూరేది. మాసిక కనపడకుండా దాచేది కాదు. "మచ్చ ఉంటెనే తనదని పిల్ల గుర్తు పడతది" అనేది. కొత్తదానిలా చేసి ఇమ్మని అడిగిన ఒక ఆఫీసరు భార్యతో, "కొత్తది కావాలంటే కొత్తది కొనుక్కో తల్లీ, పాతదాన్ని నా మీదికెందుకు తోలినవ్?" అంది. ఆవిడకు కోపం వచ్చింది. నాకు నవ్వు వచ్చింది.

మావారు సంస్థానం రోడ్ల ఓవర్సీరు. ఆయన కనపడితే ఆయమ్మ ఊరుకునేది కాదు. "దొరా, నువ్వూ గుంతలు పూడుస్తవ్, నేనూ గుంతలు పూడుస్త. నాది వానకు లేవదు" అనేది. ఆ మాట ఆయన పై అధికారికి కూడా చెప్పుకుని నవ్వేవారు.

మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. దాని ఎలుగుబంటికి భాలుమామ అని పేరు. నల్ల గుండీల కళ్ళు, ఒక చెవి నమిలి నమిలి సగమైంది. ఆయమ్మ మా అమ్మాయికి అడవి ఎలుగుల కబుర్లు చెప్పేది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లారకముందే అవి చెట్ల కింద చేరి ఎలా తింటాయో, మనుషులు బుట్టలతో వెళ్ళేసరికి మూతి తుడుచుకుని ఎలా పోతాయో అభినయించి చూపేది. ఆ వేసవిలో మా అమ్మాయి నేలమీది ఇప్పపువ్వు ఏరుకుని తింటుంటే చూసి నేను దాని చేతి మీద ఒకటి కొట్టాను. మద్రాసులో బి.ఏ. చదివిన దాన్ని. అడవిలో రాలింది నా కూతురు తినడమేమిటని నా బాధ.

వానలు పట్టాయి. భాలుమామ చెయ్యి మళ్ళీ ఊడితే ఆయమ్మకు పంపించాం. నాలుగు రోజులకు మా ఇంటికి ఇద్దరు ఆఫీసర్ల భార్యలు వచ్చారు. వాళ్ళ పిల్లల బొమ్మలు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి, చూద్దామని వెనక గదికి వెళ్ళాం. మా అమ్మాయి నా చీర పట్టుకుని వెంట వచ్చింది.

గడప దగ్గరే వాసన. పులిసిన ఇప్పపువ్వు వాసన. ఇక్కడ ఉన్నవాళ్ళకు అది వేరే చెప్పనక్కర్లేదు, సారా కాచే ఇంటి వాసన అది. ఆయమ్మ ఒళ్ళో భాలుమామ కడుపు తెరిచి ఉంది. ఆమె చేతులు జిగటగా ఉన్నాయి. చాపంతా చీమలు.

"తాగి కూర్చుని పిల్లల బొమ్మలు ముట్టుకుంటున్నావా?" అన్నాను.

ఆమె తల ఎత్తింది. "తాగలే దొరసానమ్మా."

"మరి ఆ వాసనేమిటి?"

"పండగకు తాగుత. పని మీద కూసొని తాగ."

"వాసనేమిటని అడుగుతున్నాను."

ఆమె నన్ను చూడలేదు. నా వెనక ఉన్న మా అమ్మాయిని చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది, అప్పుడు మాత్రం దాన్ని దొంగచూపు అనుకున్నాను.

"పువ్వు పడ్డది" అంది చివరికి.

"ఎలా పడింది?"

"పడ్డది."

నేను బొమ్మను లాక్కున్నాను. నాతో వచ్చినవాళ్ళు తమ బొమ్మల్ని కళ్ళతో సహా అడిగి తీసుకున్నారు. ఆమె రెండు ముడులు విప్పి ఇచ్చింది. మూడో ముడి విప్పమని నేను అడగలేదు. అసలు గుర్తే లేదు.

ఏ విషయంలోనైనా రెండో వైపు ఉంటుందేమోనని సందేహించడం నాకు చదువు వల్ల వచ్చిన జబ్బు. కూర కొనడానికి కూడా పది రకాలుగా ఆలోచిస్తాను. ఆ ఒక్క రోజే సందేహించలేదు. మర్నాటి నుంచి సందేహం మొదలైంది గాని, అప్పటికి మాట ఊరంతా తిరిగింది. ఆయా తాగి పనిచేస్తుందట. ఎవరూ ఆమెకు బొమ్మ పంపలేదు. నేను ఎవరికైనా చెప్పి ఉండవలసింది, నాకు ఖాయంగా తెలియదని. చెప్పలేదు. చెబితే నా మాట పోతుందనుకున్నానో, నలుగురిలో అరిచి మళ్ళీ వెళ్ళి అడగడానికి సిగ్గుపడ్డానో నాకే తెలియదు. నెల తిరక్కుండా ఆమె మూట కట్టుకుని ఎర్రబోరు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పడానికి మా గుమ్మం దాకా వచ్చింది. నేను లోపల ఉండి, పనిలో ఉన్నానని చెప్పించాను.

భాలుమామను బజారులో దర్జీకి ఇచ్చాం. అతను మిషను మీద కడుపు గట్టిగా కుట్టేసి, కళ్ళు లేవని కోటుకు కుట్టే తెల్ల గుండీలు పెట్టాడు. దాని చూపు ఉలిక్కిపడినట్టు ఉంది. మా అమ్మాయి మళ్ళీ దాన్ని పక్కలో వేసుకోలేదు. పిల్ల ఎదిగిందనుకుని పెట్టెలో పెట్టేశాను.

మేనకోడలు కబురు చెప్పిన రోజు మా అమ్మాయి మద్రాసు నుంచి సెలవులకు వచ్చి ఉంది. గుమ్మంలో నిలబడి విన్నది. విని, నా పక్కకు వచ్చింది.

"అమ్మా, ఆ పువ్వు నేను పెట్టించాను."

నాకు అర్థం కాలేదు.

"చెయ్యి కుట్టడానికి ఇచ్చినప్పుడు భాలుమామకు ఆకలేస్తోందని ఏడ్చాను. ఎండబెట్టిన ఇప్పపువ్వు దోసెడు దాని కడుపులో పెట్టి కుట్టింది. అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. వానకు అది పులిసింది. తీసేద్దామని విప్పింది పాపం."

"ఆ రోజు చెప్పలేదేం?"

"నువ్వు కొడతావని. తర్వాత ఆయమ్మే లేదు గదమ్మా. ఎవరికి చెప్పను?"

ఐదేళ్ళ పిల్లకిచ్చిన మాట కోసం ఆమె పని పోయినా నోరు విప్పలేదు. నిలబెట్టుకోవలసినంత పెద్ద మాటా అది? నేనైతే ఆ క్షణంలోనే చెప్పేసేదాన్ని. పిల్లలదేముంది, మర్చిపోతారని సర్దిచెప్పుకునేదాన్ని. మా అమ్మాయి మర్చిపోలేదు.

మేనకోడలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రొంటిన ఉన్న చిన్న గుడ్డమూట తీసింది. "పీనుగకు నీళ్ళు పోసేటప్పుడు కొంగున దొరికినయ్. చీర మారిస్తే ఈ ముడి విప్పి మళ్ళ కొత్తదానికి కట్టుకునేది. ఏంది అత్తా ఇవి, పారెయ్యరాదా అంటే, 'నా దగ్గర ఒక బొమ్మ కళ్ళున్నయే, తెచ్చినప్పుడు కుట్టాలె' అనేది. మేమే పంపుతమంటే ఒప్పకపోయె. 'కళ్ళు పోవుడేంది, బొమ్మ రావాలె' అనేది."

మూటలో రెండు నల్ల గుండీలు. ఒకదాని బెజ్జంలో పాత దారం ముక్క ఇంకా ఉంది.

ఆ సాయంత్రం పెట్టె తీసి, భాలుమామకున్న తెల్ల గుండీలు కత్తిరించేశాను. మా అమ్మాయి సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. నేను కుట్టలేకపోయాను. కడుపు మీద ఆ దర్జీ కుట్టు అలాగే ఉంది. దాన్ని విప్పి, పీచు ఎండబెట్టి, దూది గింజలేరి మొదటి నుంచీ చేయాలి. కళ్ళు చివర కుట్టాలి. ఆ పని నాకు రాదు. ఆ పని తెలిసిన మనిషి పద్నాలుగేళ్ళు ఎదురుచూసింది.

బొమ్మ ఇప్పుడు కోంటా రోడ్డు వైపు కిటికీలో, కళ్ళు లేకుండా కూర్చుని ఉంది. గుండీలు నా కొంగుకు కట్టుకున్నాను. పొద్దున చీర మార్చినప్పుడు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంటాను. ఇంట్లో నడుస్తుంటే అవి తలుపు చెక్కకు తగిలి టిక్కుమంటాయి. మా అమ్మాయి ఒక్క క్షణం తల ఎత్తి చూసి, మళ్ళీ పుస్తకంలోకి వంగుతుంది.