జులపాలాయన మొదటి భార్య

మా చిన్నప్పుడు... అమెరికాలోని నోవైలో స్కూల్ బస్సు దిగి, బూట్లకంటిన మంచు దులుపుకుని లోపల అడుగు పెట్టానో లేదో, టీవీ ముందు నుంచి అమ్మమ్మ కేక వేసేది. "త్వరగా రావే తల్లీ, జులపాలాయన వచ్చాడు!"

జులపాలాయన అంటే అప్పట్లో పేరుమోసిన ఒక రాక్ అండ్ రోల్ గాయకుడు. ఆయన పాట ఒక్కటి కూడా అమ్మమ్మ పూర్తిగా వినలేదు... ఆవిడకి కావలసిందల్లా ఆయన సంసారం. మొదటి భార్యను వదిలేసి సినిమా నటిని చేసుకున్నాడు. ఆమెనూ వదిలేసి, తన వెనక డాన్స్ చేసే అమ్మాయితో తిరుగుతున్నాడు. రోజూ నాలుగింటికి టీవీలో ఇదే గోల!

ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మమ్మకు ఇంగ్లిష్ రాదు. అమ్మానాన్నలు ఆఫీసుల్లో ఉండేవారు. ఇక ఆ ప్రేమ వ్యవహారాలన్నీ తెలుగులో విప్పి చెప్పే ఖర్మ నాకు పట్టింది... తొమ్మిదేళ్లకే!

ఆకలేస్తోందన్నా వినదు, హోంవర్కుందన్నా వినదు.

"మొదటావిడ ఏమంటోందే?"

"ఆవిడ టీవీలో లేదు, అమ్మమ్మా."

"మరెక్కడుందిట?"

"ఐ డోంట్ నో, అమ్మమ్మా!"

ఒకరోజు విసుగొచ్చి అబద్ధం చెప్పేశాను. "ఆయన మళ్లీ ఫస్ట్ వైఫ్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆవిడ ఓకే అంది. స్టోరీ ఫినిష్!"

సంతోషిస్తుందనుకున్నాను... అమ్మమ్మ మొహం మాడిపోయింది. "రానిచ్చిందా?" అంది. టీవీ కట్టేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అమ్మ ఆఫీసు నుంచి వచ్చి కాఫీ ఇస్తే వద్దంది.

అమ్మ నన్ను వంటగదిలోకి లాక్కెళ్లి, ఏం చెప్పావని నిలదీసింది. చెప్పాను. అమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది... నేను పుట్టకముందే పోయిన మా తాతయ్య, ఒకప్పుడు అమ్మమ్మనీ పిల్లల్నీ వదిలేసి మూడేళ్లు ఇంకొకావిడతో ఉన్నాడట. తిరిగొస్తే పెద్దవాళ్లంతా కూర్చుని రానిమ్మన్నారట. అమ్మమ్మ రానిచ్చింది.

"వద్దని ఒక్క మాట అనలేకపోయానే అని ఇప్పటికీ బాధపడుతుందే," అంది అమ్మ.

పరుగెత్తుకెళ్లి తలుపు బాదాను. "అమ్మమ్మా, సారీ! నేను అబద్ధం చెప్పాను. ఆయన వెళ్లలేదు. ఆవిడ సపరేట్‌గానే ఉంది!"

తలుపు తెరుచుకుంది. "నిజంగా?"

"ప్రామిస్!"

"బతికిపోయింది," అంది అమ్మమ్మ. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆ పూట మారు వడ్డించుకుని మరీ తిన్నది.

దాంతో నా కష్టాలు తీరాయనుకుంటున్నారా? మర్నాటి నుంచి కొత్త పేచీ... "వాడి సంగతి నాకొద్దు. ఆవిడ ఇప్పుడేం చేస్తోందో కనుక్కో." టీవీవాళ్లు ఆవిడని చూపిస్తేగా! విమానం ఎక్కేదాకా అదే ప్రశ్నతో నన్ను తినేసింది.

ఇప్పుడు మా అమ్మ మా ఇంటికొస్తే, ఏ భాషలోని కార్యక్రమమైనా ఫోన్లో కింద తెలుగు అక్షరాలు పెట్టుకుని తనే చూసుకుంటుంది. మా అమ్మాయిని పిలవాల్సిన పనే లేదు. అది హాయిగా తన గదిలో ఉంటుంది... వాళ్ల అమ్మమ్మ ఎవరి కథకి కళ్లు తుడుచుకుంటుందో దానికి తెలియదు.

మీ ప్రాణం ఇలా తోడేసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరు? వాళ్ల కథ కూడా చెప్పండి...