యాదమ్మ ఓపీకి వచ్చిన రోజు

దయ్యాల కథలు చెబితే నవ్వేసే రకం నేను. ఇప్పటికీ చాలావరకు అంతే. నేను డాక్టర్ని. పోయినవాళ్ల కళ్లలో టార్చి వేసి చూసి, టైము రాసి, కింద సంతకం పెట్టిన చెయ్యి ఇది. మా ఇంట్లో ప్రార్థన ఉంటుంది, ఆదివారం చర్చి ఉంటుంది. కానీ పోయినవాళ్లు తిరుగుతుంటారంటే మా నాన్న కూడా ఊరుకునేవారు కాదు.

అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. మేము సికింద్రాబాద్ మెట్టుగూడలో ఉండేవాళ్లం. మావారు రైల్వేలో గుమాస్తా. నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్ని. చదివింది చిన్నపిల్లల వైద్యం. చేస్తున్నది మాత్రం పెద్ద డాక్టర్లు చెప్పింది కేస్ షీట్లో ఎక్కించడం, డిశ్చార్జి కాగితాలు రాయడం, పొద్దున ఓపీ చూడడం. పదేళ్లకు పైగా అదే పని.

అలాంటి రోజుల్లో జాంబియాలో ఒక జిల్లా ఆసుపత్రి నుంచి నాకు పిలుపు వచ్చింది. పుట్టిన పసిపిల్లల వార్డు. అక్కడ అప్పటికి పిల్లల డాక్టరే లేరట. ఆ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివాను. నేను చదివిన చదువుకు పని అక్కడుంది.

మా అన్నయ్య వినగానే కోప్పడ్డాడు. "ఇంగ్లండ్ అంటే అర్థం ఉంది. ఆఫ్రికా వెళ్లి ఏం చేస్తావు సుజనా? పిల్లదాని చదువు గతేంటి?" అన్నాడు. మావారు సెలవు పెట్టి వస్తానన్నారు గానీ, నిర్ణయం మాత్రం నాకే వదిలేశారు. "నీ ఇష్టం. తర్వాత నన్ననొద్దు," అన్నారు.

నేను వద్దనుకున్నాను. అందరికీ మా పాప చదువు అని చెప్పాను. అసలు కారణం అది కాదు.

అసలు కారణం ఆరేళ్ల నాటిది. ఒక వానాకాలం మధ్యాహ్నం సీతాఫల్‌మండి నుంచి యాదమ్మ అనే ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. ఏడో నెల. వచ్చిన కాసేపటికే కాన్పయింది. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో పట్టేంత. ఏడవలేదు, ఊపిరి తీసుకోలేదు.

మా దగ్గర ఇంక్యుబేటర్ లేదు. ముక్కు మీద మాస్క్ పెట్టి రబ్బరు సంచీ నొక్కుతూ గాలి పట్టాను. గుండె కొట్టుకుంటోంది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. కానీ మా పెద్ద డాక్టరుగారిని అడగకుండా ఎవరినీ బయటికి పంపకూడదని అక్కడ రూలు. ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. కబురు పెట్టి, ఆయన బయటికొచ్చి సరేననేదాకా ఆగాను. పావుగంట. అప్పుడు అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. అది వచ్చేదాకా ఆ సంచీ నొక్కుతూనే ఉన్నాను. దూదిలో చుట్టి, తండ్రితో, ఒక నర్సుతో పంపాను.

ఆ తర్వాత ఆ పిల్ల ఏమైందో నాకు తెలియలేదు. యాదమ్మ మర్నాడే వెళ్లిపోయింది. వారం తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లి అడిగితే ఆ పేరుతో కాగితాలు దొరకలేదన్నారు. సీతాఫల్‌మండిలో ఇల్లు వెతికితే ఖాళీ చేశారన్నారు. ఇంక నేనే అనేసుకున్నాను, పోయి ఉంటుందని. ఆ పావుగంట వల్లే పోయిందని.

ఆరేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. మావారితో కూడా. అలాంటి పిల్లలే వార్డు నిండా ఉండే చోటికి నేను వెళ్లగలనా? వెళ్లలేనని నాకు తెలుసు. రాలేనని జవాబు రాసి, కవరు అంటించి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం పోస్టు చేద్దామనుకున్నాను.

ఆ రోజు ఓపీ బాగా రద్దీగా ఉంది. పొద్దున పదకొండు దాటింది. బయట ఎండ కాస్తోంది. నా గది బయట మరియమ్మ సిస్టర్ కూర్చుని, వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ వయసూ చీటీ మీద రాసి, బీపీ చూసి లోపలికి పంపుతోంది. అది ఆవిడ రోజూ చేసే పనే.

ఒకామె చీటీ తెచ్చి బల్ల మీద పెట్టి కూర్చుంది. ముదురాకుపచ్చ చీర. తల నున్నగా దువ్వుకుంది. నేను ముందు చీటీ వంక చూడలేదు. ఏమైందమ్మా అన్నాను.

"నాకేం కాలే మేడం. మా పిల్ల సంగతి చెప్పి పోదామని వచ్చిన."

అప్పుడు మొహం చూశాను. కుడి కనుబొమ్మ మధ్యలో తెగిన మచ్చ. కాన్పు టేబుల్ మీద ఆ మచ్చ మీదుగా చెమట కారుతుంటే నేనే తుడిచాను. యాదమ్మ.

ఆమే చెప్పింది. "పిల్ల మంచిగున్నది. మా చెల్లె తాన పెరుగుతున్నది, ఘట్‌కేసర్‌ల. టేషన్ బయట పంక్చర్ దుకాణం ఉంటది, దాని ఎనుక ఇల్లు. బడికి పోతది. ఒక్క చెవి సక్కగ వినపడది, ఎడమది. జెర గట్టిగ పిలవాలె. గంతే."

"నిజంగానా?" అన్నాను.

"ఆ పొద్దు మీరు చెయ్యి తియ్యలే మేడం. నేను పండుకొని చూస్తనే ఉన్న. ఇగ రంది పెట్టుకోకుండ్రి." చీర కొంగు సర్దుకుంది. "ఏడికో పోతుండ్రంట గదా, గసొంటి పిల్లల కాడికి. పోండి."

జాంబియా సంగతి ఆ నర్సింగ్ హోమ్‌లో ఎవరికీ తెలియదు. మరియమ్మకు కూడా చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే కౌంటర్ దగ్గర నాకు ఫోన్ ఉందని కేకేశారు. "ఒక్క నిమిషం యాదమ్మా, ఇక్కడే ఉండు," అని లేచాను. ఎవరో ల్యాబ్ రిపోర్టు కోసం చేశారు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాను. కుర్చీ ఖాళీ.

ఆ గదికి ఒకటే తలుపు. కిటికీకి ఇనుప చువ్వలు. తలుపు దగ్గర మరియమ్మ నిలబడి తర్వాతి పేషెంటుకు బీపీ చూస్తోంది.

"ఆమె ఎటు వెళ్లింది సిస్టర్?"

"ఎవరు మేడం, ఆకుపచ్చ చీరామెనా? లోపలే ఉంది కదా," అంది.

బెంచీ మీద కూర్చున్నవాళ్లను అడిగాం. లోపలికి వెళ్లడం ఇద్దరు చూశారు. బయటికి రావడం ఎవరూ చూడలేదు. మెట్ల దాకా, రోడ్డు దాకా వెళ్లి చూశాను. రాంగోపాల్‌పేట్ రోడ్డు మీద ఆ టైములో ఎంత జనం ఉంటారో తెలుసు కదా. అందులో కలిసిపోయిందిలే అనుకున్నాను. నిజానికి అప్పుడు నాకు భయం లేదు. అనుమానం కూడా లేదు. పిల్ల బతికే ఉంది అన్న ఒక్క మాటే చెవుల్లో మోగుతోంది.

ఆదివారం చర్చి అయ్యాక మావారికి అంతా చెప్పాను, ఆ పావుగంటతో సహా. ఆయన "పద, చూసొద్దాం," అన్నారు. సికింద్రాబాద్‌లో ప్యాసింజరెక్కి ఘట్‌కేసర్‌లో దిగాం.

స్టేషన్ బయట పంక్చర్ దుకాణం ఉంది. వెనక రేకుల ఇల్లు. వాకిట్లో ఒకామె బియ్యం చెరుగుతోంది. యాదమ్మ చెల్లెలు. పేరు లక్ష్మి. ఫలానా ఆసుపత్రి డాక్టరమ్మనని చెప్పగానే చేట పక్కన పెట్టి లేచింది. "మీరేనా అమ్మా? అక్క చెప్తుండె మీ గురించి," అంది.

పిల్ల ఆ పక్కన గోడ నీడలో గచ్చకాయలు ఆడుకుంటోంది. ఎముకలు కనిపించేంత సన్నం. రెండు జడలు. లక్ష్మి పిలిచింది. తిరగలేదు. మళ్లీ గట్టిగా పిలిచింది. అప్పుడు కుడివైపు నుంచి తల తిప్పి చూసింది.

"ఎడమ చెవి వినపడదమ్మా," అంది లక్ష్మి. "మాక్కూడ మొన్నటిదాక తెల్వది. బడిల టీచరమ్మ చెప్పింది."

యాదమ్మ ఎక్కడుంది అని అడిగాను. లోపల పనిలో ఉందేమో, పిలుస్తుందేమో అనుకున్నాను.

లక్ష్మి నన్ను వింతగా చూసింది. "అక్క లేదు గదా అమ్మా. పిల్లకు ఏడాది నిండంగనే కామెర్లతోటి పోయింది. బావ మళ్ల పెండ్లి చేసుకున్నడు. పిల్లను నేనే తెచ్చుకున్న."

మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. యాదమ్మలాగే ఉండే అక్కచెల్లెళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని ఆయనే అడిగారు. లేరు. వాళ్లిద్దరే. లక్ష్మి పొట్టి, గుండ్రటి మొహం, అసలు పోలికే లేదు. మా గురించి ఎవరికైనా చెప్పారా, ఎవరినైనా పంపారా అని కూడా అడిగారు. ఆమెకు మా నర్సింగ్ హోమ్ ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు.

మీకు మా ఇల్లెట్ల దొరికిందని లక్ష్మి అడిగితే, ఆసుపత్రి కాగితాల్లో ఉందని చెప్పాను. ఇంకేం చెప్పాలి?

వచ్చేముందు పిల్లను దగ్గరికి తీసుకున్నాను. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఊపిరి రెండువైపులా శుభ్రంగా ఉంది. గుండె చక్కగా కొట్టుకుంటోంది. చక్కిలిగింత పుట్టి నవ్వింది. ప్లాట్‌ఫాం మీదికొచ్చాక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖం కాదు. ఆరేళ్లుగా గుండెల మీద పెట్టుకున్న బరువు దిగిపోయింది. రెండు రైళ్లు వెళ్లిపోయేదాకా మావారు పక్కనే కూర్చున్నారు.

సోమవారం ఆ చీటీ తీసి చూశాను. మరియమ్మ చేతిరాత. యాదమ్మ, ఇరవై ఏడు. బీపీ నూట పది, డెబ్బై. ఆరేళ్ల క్రితం కాన్పు రిజిస్టర్లో యాదమ్మ వయసు ఇరవై ఆరు. ఏడాది తర్వాత పోయింది. బతికుంటే ముప్పై రెండుండాలి.

మరియమ్మకు జరిగింది చెప్పాను. ఆవిడ ఆ చీటీ తీసుకుని తన రాత చూసుకుంది. "చెయ్యి వెచ్చగానే ఉంది మేడం. బీపీ పట్టీ చుట్టింది నేనే కదా," అంది. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పోస్టు చేయకుండా బ్యాగ్‌లోనే ఉండిపోయిన కవరు చింపేశాను. వస్తున్నానని అదే రోజు ఇంకో ఉత్తరం పోస్టు చేశాను. మూడు నెలల్లో ముగ్గురం వెళ్లిపోయాం. అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాను. అరచేతుల్లో పట్టే పిల్లలు ఎందరో. కొందరు దక్కలేదు. చాలామంది దక్కారు. ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. ఘట్‌కేసర్ పిల్లకు చెవి మిషను పెట్టించాం, తర్వాత నర్సింగ్ చదువుతోందని లక్ష్మి రాయించింది.

డాక్టర్ని కాబట్టి కారణాలు వెతికాను. నా మనసే కల్పించిందనుకుంటే, మరియమ్మ బీపీ ఎవరికి చూసింది? వేరే ఎవరో వచ్చి ఆడిన నాటకమనుకుంటే, ఆ మచ్చ ఎక్కడిది? నాకు జాంబియా పిలుపు వచ్చిన సంగతి ఆమెకెవరు చెప్పారు? ఒకదానికి జవాబు దొరికితే ఇంకోటి నిలబడదు.

అంత దూరం ఎందుకు వెళ్లారు మేడం అని ఇప్పటికీ కుర్ర డాక్టర్లు అడుగుతుంటారు. మంచి అవకాశం వచ్చిందని చెబుతాను. అది అబద్ధం కాదు. కానీ మా అన్నయ్య వద్దన్నాడు, మావారు నీ ఇష్టమన్నారు. వెళ్లమని నాతో అన్న మనిషి ఒక్కరే. ఆమె అప్పటికి ఐదేళ్ల కిందటే పోయింది. అది ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న తొందర కూడా ఇప్పుడు లేదు.