క్రోటన్ దొంగ

మొన్న మా వీధిలో ఒక దొంగతనం జరిగింది. దొంగ కూడా దొరికాడు. అతడెవరో తెలిశాక మీరు నాకు మరో కప్పు టీ పోస్తారో లేదో చెప్పలేను.

సూర్యాపేటలో వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యాను. నా మైక్రోస్కోప్ మాత్రం రిటైర్ కాలేదు. కోదాడ నర్సరీలో ఒక క్రోటన్ కొని, రోజూ పొద్దున్నే దాని వేరు కొసలు బ్లేడుతో కోసి, రంగు పట్టించి, గాజుపలక మీద బొటనవేలితో అదిమి, క్రోమోజోములు లెక్కపెడుతూ వచ్చాను. లెక్క ఎంతకూ తేలలేదు. మధ్యలో కోదాడలోని మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్లు ఉండి వచ్చేసరికి మొక్క నిగనిగలాడుతోంది. నా పెంపకం ఫలించిందనుకున్నాను. ఈసారి లెక్క కూడా తేలింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేని సంఖ్య!

అంతలో పక్కింటి యాదగిరి గారి వరండాలో అచ్చం అలాంటి క్రోటనే కనిపించింది. రెండిళ్ల మధ్య గోడకు గేటు పెట్టించుకున్నంత స్నేహం మాది. అయినా అనుమానం వచ్చాక మనిషి నవ్వు కూడా వేరుగా కనబడుతుంది. మొక్క మంచిగుంది కదా సార్ అని ఆయనే పలకరించారు. అడగకుండానే ఎందుకు చెబుతున్నట్టు? నేను ఊళ్లో లేనప్పుడు నా మొక్క కొమ్మ విరిచి నాటుకుని ఉంటారు. ఆ రోజే గేటుకు తాళం వేశాను.

అయితే రుజువు లేకుండా నింద వేయడం శాస్త్రం చదివినవాడికి తగదు. మరునాడు ఆయన వాకింగ్‌కు వెళ్లగానే తాళం తీసి, లోపలికి వెళ్లి, కుండీ అడుగు రంధ్రంలోంచి తొంగిచూస్తున్న వేరు కొసలు కోసుకొచ్చాను. అదే సంఖ్య.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మైక్రోస్కోప్ చంకన పెట్టుకుని, యాదగిరి గారి వరండాలో నా అభియోగాన్ని సవినయంగా విన్నవించాను. ఆయన ఓపిగ్గా విని, నా వెనకే వచ్చిన మా ఆవిడ శారద వైపు చూశారు.

"చెల్లె, ఇగ సార్‌కు చెప్పమంటవా?"

"నేనే చెప్త," అంది శారద. "రోజూ వేళ్లు కోస్తే మొక్క బతుకుతదా? మీరు కోదాడల ఉన్నప్పుడే ఎండిపోయింది. మీరు పరేషాన్ అయితరని అన్నను అడిగిన. మిర్యాలగూడ నుంచి తెచ్చుకున్న రెండిట్ల ఒకటి ఇచ్చిండు. దాన్నే మీ కుండీల పెట్టిన."

అంటే నా లెక్క సరిగానే ఉంది. రెండూ ఒకే రకం మొక్కలు. ఎవరిది ఎవరింటికి చేరిందన్నదే క్రోమోజోములు చెప్పలేదు.

"అది సరే గానీ సార్," అన్నారు యాదగిరి గారు, "పొద్దున మా కుండీ కింద బ్లేడుతోని ఏం కోసిండ్రు? మా కోడలు కిటికీల నుంచి సూసింది."

మైక్రోస్కోప్‌ను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాను. తాళం చెవి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు ఆ గేటు ఎప్పటిలాగే తెరిచి ఉంటోంది. నేను వెళితే యాదగిరి గారు ఎప్పటిలాగే కుర్చీ వేస్తున్నారు. కాకపోతే, టీ ఇచ్చే ముందు నా జేబులు తడిమి చూస్తున్నారు.