దేవుడు నన్ను వంటింట్ల నిలబెట్టిండు

సహోదరులారా, సహోదరీలారా, ఆదివారం పూట మన సంఘంల పాటల పుస్తకాలు పంచే రత్నాన్ని నేనే. మీరందరు నన్ను నెమ్మదస్తుడనుకుంటరు, గాని సోమవారం నుంచి శనివారం దాక అఫ్జల్‌గంజ్‌ల మా ఆఫీసుల నేనెంత రాతి గుండె మనిషినో ఇయ్యాల మీ ముందర ఒప్పుకోనీకి నిలబడ్డ. ఆ గుండెను దేవుడు ఎట్ల మెత్తగ చేసిండో చెప్త, మహిమ ఆయనకే.

మాది మందులు హోల్‌సేల్‌గ పంపే కంపెనీ, నేను దాంట్ల హెచ్ఆర్‌ని. ఎవరిని పనిల తీసుకోవాలె, ఎవరికి సెలవియ్యాలె, ఎవరికి ప్రమోషన్ రావాలె, అన్ని నా చేతుల మీదికెల్లే పోతయ్. పొద్దున తొమ్మిదింటికి వేలిముద్ర పడాలె, మూడుసార్లు లేటయితే ఒక సెలవు కోత, ఆ రూల్ రాసింది గూడ నేనే. బిల్లింగ్‌ల కవిత అని ఒకామె పదేండ్ల నుంచి చేస్తున్నది, ఆమె బిల్లుల తప్పు దొరకదు. ఒకనాడు వచ్చి, "సార్, పిల్లల్ని బడిల దించి వచ్చేసరికి తొమ్మిదిన్నరయితున్నది, సాయంత్రం అర్ధగంట ఎక్కువ కూసుంట" అన్నది. "ఇంటి లొల్లి గేటు బయటనే పెట్టి రావాలెమ్మా" అని పంపిచ్చిన. ఇంచార్జి పోస్టు ఖాళీ అయినప్పుడు ఆమె ఫైల్ల 'ఇంటి బాధ్యతలు ఎక్కువ' అని రాసి, అందరు పోయినంక గూడ కుర్చీ వదలని ఒక మగాయనకు ఇప్పిచ్చిన. ఇంటర్వ్యూకు వచ్చిన ప్రతి ఆడామెను "పిల్లల్ని ఎవరు చూస్తరు" అని అడుగుతుంటి, ఒక్క మగాయన్ను ఆ మాట అడగలే, అడగాలెనని తట్టనే లేదు. నేను మస్తు న్యాయంగ ఉన్ననని అనుకుంటుంటి, సహోదరులారా, అదే నా చీకటి.

మా ఇల్లు జల్‌పల్లిల. నా భార్య సునీత ఒక ల్యాబ్‌ల టెక్నీషియన్. పోయిన వానకాలం నీళ్ల బకెట్ ఎత్తబోయి జారిపడ్డది, నడుము పూస పక్కకు జరిగింది, నలభై దినాలు మంచం దిగొద్దని డాక్టర్ చెప్పిండు. నలభై దినాలంటే విశ్వాసులకు తెలుసు, అది పరీక్ష కాలం. బిడ్డ గ్రేస్ మూడో తరగతి, మా బాపుకు షుగర్, తినేముందు ఇన్సులిన్ ఇయ్యాలె. నల్లా వచ్చేసరికి లేచి నీళ్లు పట్టి, అన్నం వండి, బాపుకు సూది ఇచ్చి, బిడ్డకు జడలేస్తే ఒకటి మీదికి ఒకటి కిందికి, సునీతను పట్టుకొని బాత్రూంకు తోలుకపోయి, బిడ్డను బడిల దించి బస్సెక్కితే నయాపూల్ కాడనే తొమ్మిది దాటిపోతుండె. మూడోనాడు మా కంపెనీ సేఠ్ పిలిచి, "ఏంది రత్నం, ఇంట్ల ఆడోళ్లు ఎవరు లేరా?" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు, గాని నాకు చెంప మీద కొట్టినట్టయింది, గసొంటి మాట నేను ఎంతమందిని అడిగిననో యాదికొచ్చింది. ఆ వారం నా సెలవు కోత కాయితం నేనే టైపు చేసి, నేనే సంతకం పెట్టుకున్న.

ఇంటికొచ్చి సునీత పక్కన కూసొని, "ఇన్నేండ్లు ఇదంత ఎట్ల చేసినవ్?" అని అడిగిన.

"ఎట్ల ఏంది, చేసిన. నువ్వు అడగలే, నేను చెప్పలే" అన్నది. మళ్ల ఆమెనే, "ల్యాబ్ ఇంచార్జిగ ఉండమని రెండుసార్లు అడిగిండ్రు. పొద్దున ఏడింటికి పోవాలె గదా, వద్దన్న. నీతోని చెప్తే ఏమంటవో నాకెరుకే" అన్నది.

తెల్లారి వంటింట్ల, బిడ్డ డబ్బా కడుగుకుంట, నిలబడ్డకాడనే ప్రార్థన చేసిన. 'ప్రభువా, నా భార్య నడుము బాగుచెయ్యమని రోజు అడుగుతున్న, ఇయ్యాల నన్ను బాగుచెయ్యమని అడుగుతున్న. నా ఇంట్ల కష్టమే చూడని గుడ్డోణ్ణి, ఆఫీసుల మందికి తీర్పు తీర్చిన. నన్ను క్షమించు, ఏం చెయ్యాల్నో చూపియ్యి.' దర్శనం ఏం రాలే, గాని మొఖం కడుక్కున్నంక ముందుగాల కవిత కాడికి పోవాలెనని మనసుల సాఫ్‌గ తోచింది.

పోయిన. "కవితమ్మా, నీ ఫైల్ల నేను రాసిన మాట తప్పు, నన్ను క్షమించు" అన్న.

ఆమె కంప్యూటర్ మీదికెల్లి తల ఎత్తి, "క్షమాపణ మంచిదే సార్. నాకు అర్ధగంట టైమ్ కావాలె" అన్నది.

పశ్చాత్తాపం అంటే ఏందో నాకు ఆనాడు తెలిసింది. సీదా సేఠ్ కాడికి పోయి, కవిత లెక్కటోళ్లకు వచ్చే టైమ్ సడలియ్యమని అడిగిన. "ఆడోళ్లకు గిట్ల ఇచ్చుకుంట పోతే, రేపు ఆడోళ్లను తీసుకోనీకే ఎనకాముందు అయితం" అన్నడాయన.

"ఆడోళ్లకే కాదు సేఠ్, అందరికి. ఎనిమిదికి పదింటికి నడుమ ఎప్పుడన్న రావొచ్చు, పని గంటలు మాత్రం తగ్గొద్దు. రాసుకునేటోళ్లల మొదటి పేరు నాదే" అన్న.

"బిల్లులు ఆగినయంటే నీ కుర్చీ ఉండదు" అని ఒక్క నెల ఇచ్చిండు. ఆ నెలంత నాకు ఫికరే, దినాం ప్రార్థన చేసుకుంటనే పోతుంటి. రెండోనాడే మా గోదాంల పనిచేసే సలీం భాయ్ మెల్లగ వచ్చి, "సాబ్, మొగోళ్లు గూడ రాసుకోవచ్చా? మా అమ్మీకి వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఇన్ని దినాలు అడగనీకి శరమైంది" అన్నడు. చూసిండ్రా, నా రూల్ ఆడోళ్లను బయట పెట్టింది, మొగోళ్ల నోరు గూడ కట్టేసింది.

నెల గడిచింది, ఒక్క బిల్లు ఆగలే. సేఠ్ మెచ్చుకోలే, "నడవనియ్యి" అన్నడు, అది చాలు. కవిత ఫైల్ల నా పాత రాత కొట్టేసి, ఇది నా తప్పని రాసి సంతకం పెట్టిన, మొన్న పోస్టు మళ్ల ఖాళీ అయితే ఇంచార్జి ఆమెనే అయింది. సునీత లేచేసరికి అరవై దినాలయింది, దేవుడు నాకు ఇంకింత ట్రైనింగ్ ఇచ్చిండనుకుంట. ఇప్పుడామె పొద్దున ఏడింటికి ల్యాబ్‌కు ఇంచార్జిగ పోతది, ఇంట్ల పొద్దుటి పని నాది. పప్పుల ఉప్పెక్కువైందని బాపు గులుగుతడు, నేను నవ్వుకుంట, నా ఇల్లు చల్లగున్నది.

సహోదరులారా, మీరు ఏ తాగుడుకో జూదానికో కట్టుబడి ఉండకపోవొచ్చు, గాని ఇంట్ల ఒకరు వంగిపోతుంటే కండ్లకు కనపడకపోవుడు గూడ ఒక బంధకమే. యేసయ్య నన్ను దాంట్లకెల్లి విడిపించిండు, మిమ్మల్ని గూడ విడిపిస్తడు, ఆయనను నమ్మి అడగండి. మరణాన్ని గెలిచి లేచిన ప్రభువు సముద్రం ఒడ్డున నిప్పు రాజేసి, రాత్రంత వల వేసి అలసిపోయి వచ్చిన శిష్యులకు పొద్దుటి తిండి తయారుచేసి పెట్టిండు. ఆయనకు చిన్నగ అనిపియ్యని పని మనకెట్ల చిన్నదైతది?

ఇయ్యాల ఆరాధన అయినంక విందున్నది. ఎప్పటిలెక్క అక్కలే లేచి వడ్డిస్తరని కూసోకండి. గంటెలు, బకెట్లు ఎనక రేకుల షెడ్డుల ఉన్నయ్, నేను అటే పోతున్న, అన్నలు నలుగురు నా ఎంబడి రండి.