ఇగొచ్చిన

మా ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు ఉండేది. పెట్టింది నాకు, ఎక్కువగా వాడుకున్నది మా బాపు. మా వాడకట్టులో ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. కొడుకు పేరుతోనో బిడ్డ పేరుతోనో పిలుస్తారు. అవ్వ నన్ను పిలవాలంటే ఆ పేరును పొట్టిగా, చివర దారం తెంపినట్టు పలికేది. బాపును పిలవాలంటే అదే పేరు, చివరి అచ్చును వాకిలి దాటించి, గల్లీ దాటించి, రోడ్డు మీది దుకాణం దాకా సాగదీసేది. బడిలో పంతులు హ్రస్వం, దీర్ఘం అని పాఠం చెప్పిన రోజు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. హ్రస్వం నేను. దీర్ఘం బాపు.

ఆయనది సైకిళ్ల పంక్చరు దుకాణం. సిద్దిపేటలో చేర్యాల బస్సులు మలుపు తిరిగే చోట ఒక తడకల పందిరి, ఒక పంపు, ఒక నీళ్ల బేసిన్. అవ్వ పిలుపు వినపడగానే, బేసిన్‌లో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్న మనిషి తల ఎత్తకుండానే "ఇగొచ్చిన!" అనేవాడు. అంటే ఇదిగో, వచ్చేశాను అని. వచ్చేవాడు కాదు. చేతిలో ఉన్న ట్యూబు అయ్యేది, దాని వెనక ఇంకోటి అయ్యేది, పక్క దుకాణం టైలర్ భాయ్‌తో చాయ్ అయ్యేది. భూతకాలంలో చెప్పి భవిష్యత్తులో చేసే ఈ పనికి ఏ వ్యాకరణమూ పేరు పెట్టలేదు. అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "వచ్చిండట! నోరు వచ్చింది, కాళ్లు ఇంక దుకాణంలనే ఉన్నయి," అనేది కంచం మీద మూత పెడుతూ.

ఒక ఎండాకాలం ఛాతీలో నొప్పి అంటూ దవాఖానకు పోయిన బాపు తిరిగి రాలేదు. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి కూడా ఆ మాటే అన్నాడు. ఆ మాట మీద నమ్మకం పెట్టుకోకూడదని మాకు తెలుసు. అయినా పెట్టుకున్నాం.

ఎనభైల చివరి సంగతి ఇది. అప్పటికి నేను ఊళ్లోనే ఒక కాలేజీలో తెలుగు చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్ బస్సెక్కి ఎంఫిల్ చేస్తున్నాను. విషయం 'తెలుగు కథలో పరిచితం'. పరిచితం అంటే తెలిసినది; తెలిసినదాని గురించి రాయడం తేలికే కదా అని తీసుకున్నాను. ఎంఫిల్‌కు రాసేదాన్ని లఘు సిద్ధాంత వ్యాసం అంటారు. ఆ లఘుత్వం వ్యాసానిదా, రాసేవాడిదా అని నన్ను చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. నా సిద్ధాంతం సిద్దిపేటలో మొదలై, హైదరాబాద్‌లో బస్సు దిగేసరికి అంతమయ్యేది.

పండితుల పుస్తకాలు చదివిన కొద్దీ నాకొకటి అర్థమైంది. వాళ్లు ఎక్కడైనా 'ఇది సుపరిచితమే' అని రాశారంటే అక్కడ ఆధారం దొరకలేదని లెక్క. కథల విషయంలో మాత్రం వాళ్ల మాట సూటిగా ఉండేది: తెలిసినదాన్ని తెలియనట్టు చూపించాలి, అప్పుడే అది కథ. మా గైడు సారు దీన్ని ఇంకా అందంగా చెప్పేవారు. "మనం చూడటం మానేసినదాన్నే పరిచితం అంటామయ్యా. కథ దాన్ని మళ్లీ కళ్ల ముందు పెడుతుంది." ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, వ్యాసంలో రెండు చోట్ల వాడుకున్నాను. ఒకచోట ఆయన పేరుతో, ఒకచోట ఏ పేరూ లేకుండా.

ఇంట్లో బాపు ఫోటో ఒక్కటే ఉంది. పెళ్లయిన కొత్తలో స్టూడియోలో తీసింది. అప్పట్లో స్టూడియోవాళ్లే ఒక కోటు ఉంచేవారు. వచ్చిన ప్రతివాడూ అందులో దూరి ఫోటో దిగేవాడు. భుజాలు జారిన ఆ కోటులో బాపు ఊపిరి బిగబట్టి, ఎవరికో జామీను ఉండటానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. అవ్వ రోజూ దానికి బంతిపువ్వో మందారమో పెట్టేది కానీ దాన్ని బాపు అనేది కాదు. "గా కోటాయనకు పువ్వు పెట్టిన్నా లేదా," అని తనను తానే అడుక్కునేది.

ఆయన పోయి ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం అవ్వ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ చేతులు ఆపింది.

"మీ బాపు గొంతు యాదికొస్తలేదు రా," అంది.

నేను చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"మొకం యాదికున్నది. నడక యాదికున్నది. నిన్నటిసంది కూసోని కూసోని సోంచాయిస్తున్న, గొంతు మాత్రం వస్తలేదు. మొకమన్న గోడకున్నది, కోటేస్కోని. గొంతు యాడున్నది?"

మళ్లీ బియ్యంలో చేయి పెట్టి అంది. "నువ్వు కథలు రాస్తవు గద. గందరియి రాస్తవు. మీ బాపుది జర రాయరాదూ? ఒక్కసారి వింట."

నేను అంతకుముందు రాసిన కథల్లో ఒకటి ఒక వారపత్రికలో అచ్చయింది. అందులో తల్లిని 'అవ్వ' అని రాశాను. మా దగ్గర అవ్వ అంటే అమ్మ. బొమ్మ వేసినాయన ఊళ్లో అవ్వ అంటే ముసలమ్మ. దాంతో నడివయసు మనిషికి బోసినోరు, వంగిన నడుము, చేతికర్ర వచ్చాయి. అవ్వ ఆ బొమ్మ చూసి, "మా అత్తను గీసిండు రా, అచ్చం గట్లనే ఉన్నది," అని మెచ్చుకుంది. నాకు మాత్రం బుద్ధి వచ్చింది. ఆ రోజు నుంచి కథల్లో అవ్వను అమ్మను చేశాను, బాపును నాన్నను చేశాను, అందరినీ శుభ్రంగా తల దువ్వి అచ్చుకు పంపడం మొదలుపెట్టాను. ఇప్పుడు కూడా చూడండి, 'వచ్చిండు' అనకుండా 'వచ్చాడు' అనే రాస్తున్నాను. చేతికి అంటిన రంగు అంత తొందరగా పోదు.

అవ్వ అడిగిన కథ కూడా అలాగే రాశాను. వారం పట్టింది. చదివే రోజు టైలర్ భాయ్‌ని కూడా పిలిచాను. బాపు గొంతు మా తర్వాత ఎక్కువ విన్నది ఆయనే. ఆయన మెడలో టేపుతోనే వచ్చి గడప మీద కూర్చున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని, కొంగు నిండుగా కప్పుకుని, హరికథకు వచ్చినదానిలా కూర్చుంది.

నా కథలో భార్య "ఏమండీ, భోజనానికి రండి" అని పిలిచింది. భర్త "ఇదిగో, వచ్చేస్తున్నాను" అన్నాడు. అవ్వ చాలా శ్రద్ధగా విన్నది. చివర్లో ఆయన చనిపోతే కళ్లు తుడుచుకుంది. నా గుండె నిండింది. అప్పుడు అడిగింది.

"పాపం, మంచోడే ఉన్నడు. ఎవలు రా ఆయన?"

టైలర్ భాయ్ నవ్వు ఆపుకుందామని చూసి ఓడిపోయాడు. "అరె బేటా, గీ కథల మీ బాపు సైకిల్ దుకాణం నడిపిండా, రేడియో స్టేషన్ నడిపిండా?"

"ఏమండి అంటున్నది గద, ఆమె ఎవలు?" అని అవ్వ ఇంకా అమాయకంగానే అడిగింది. "బ్యాంకుల సారుతోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నది. ఇద్దరికి మాటల్లేవా ఏంది?"

"అది నువ్వే అవ్వా," అన్నాను.

అవ్వ నవ్వలేదు. ఆమె ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది. "గట్లనా," అంది. "మంచిగనే రాసినవు బిడ్డా. నాకే సమజ్ కాలె." లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. టైలర్ భాయ్ మెడలోని టేపు తీసి చుట్ట చుట్టాడు, మళ్లీ విప్పాడు. "నేను నవ్వకుంట ఉండాల్సింది, భాభీ," అన్నాడు లోపలి వైపు చూస్తూ. లోపల అవ్వ పొయ్యి ఊదుతోంది.

తర్వాత పండితుల పద్ధతి పట్టాను. తెలిసినదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు రాయమన్నారు కదా. పందిరి తడకల్లోంచి పడే ఎండ గీతలు, బేసిన్ నీళ్ల మీద తేలే నూనె రంగులు, ట్యూబుకు అతుకు వేసే సొల్యూషన్ వాసన, గోళ్ల కింద నలుపు, అన్నీ రాశాను. రాయడం వరకు అది బాగానే వచ్చింది, నన్ను అడిగితే. ఈసారి అవ్వ ఒక్కతే విన్నది.

"అన్నీ ఉన్నయి రా. పందిరున్నది, పంపున్నది, బేసిన్ ఉన్నది. మీ బాపే దుకాణం ఇడిచిపెట్టి యాడికో పోయిండు," అంది.

అప్పటికిగానీ నాకు తట్టలేదు. తెలిసినదాన్ని కొత్తగా చూడాలన్నది, అది ఇంకా ఇంట్లో ఉన్నవాళ్ల సరదా. రోజూ కంచం ముందు కూర్చునే మనిషిని ఒకసారి కొత్తగా చూస్తే బాగానే ఉంటుంది. అవ్వకు కొత్తదనం ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువ ఉంది. ఖాళీ గడప కొత్త, ఒక మనిషికి తక్కువ వండటం కొత్త. ఆమె అడుగుతున్నది పాతది. ఏ మెరుపూ పెట్టని, విని విని వినడం మానేసిన ఆ పాతది. దాన్ని తెచ్చే విద్య నేను చదివిన పుస్తకాల్లో లేదు. నా దగ్గరా లేదు. ఆ సంగతి అవ్వకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రాస్తున్నా, రాస్తున్నా అంటూ ఉండేవాణ్ని. ఆమె అడగడం తగ్గించింది. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఒకరోజు వ్యాసంలో ఒక పాదసూచిక దగ్గర చిక్కుకుని కూర్చున్నాను. అవ్వ లోపలి నుంచి అన్నానికి పిలిచింది. నా పిలుపే, పొట్టిది. నేను కాగితం మీది నుంచి తల ఎత్తకుండా ఏదో అన్నాను.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అవ్వ తడి చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏమన్నవ్?"

"ఏమనలె. వస్తున్న అన్న."

"కాదు. వస్తున్న అనలె నువ్వు. ఏమన్నవో మల్ల అను."

అప్పుడు నాకు వినపడింది, నా నోటి నుంచి వెళ్లిపోయిన తర్వాత. "ఇగొచ్చిన," అన్నాను మళ్లీ.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "గిది నువ్వు అన్నవు. ఇందాక అన్నది మీ బాపు."

ఇంకోసారి అన్నాను. కొంచెం బరువుగా అన్నాను, కొంచెం తల వంచుకుని అన్నాను. అన్న కొద్దీ అది నాటకంలో వేషమైపోయింది. చివరికి అవ్వే, "ఇడిచిపెట్టు బిడ్డా, కావాలని అంటే రాదది," అంది. కానీ ఆ మధ్యాహ్నం ఆమె అన్నం పెడుతుంటే ముఖం ఏడాది తర్వాత కడుక్కున్నట్టుంది. గొంతు ఉందని తెలిసింది ఆమెకు. యాడున్నదో కూడా తెలిసింది.

ఆ వారం హైదరాబాద్ పోయినప్పుడు ఈ మాటను వ్యాసంలో ఉదాహరణగా పెట్టి సారుకు చూపించాను. పనిగట్టుకుని చూసినప్పుడు పారిపోయి, చూడనప్పుడు వచ్చేదే పరిచితం అని రాశాను. ఆయన ఎర్ర పెన్ను 'ఇగొచ్చిన' దగ్గర ఆగింది.

"ఆధారం?"

"మా ఇల్లు, సార్."

"పాదసూచికలో ఇల్లు రాసే పద్ధతి లేదయ్యా," అన్నారు. పెన్ను మూత పెట్టి కిటికీలోంచి కాసేపు చూశారు. "మా నాన్నగారైతే దగ్గేవారు. గేటు దగ్గరే, రెండుసార్లు." మళ్లీ మూత తీసి, ఆ పేరా మొత్తం నెమ్మదిగా, గీత వంకర పోకుండా కొట్టేశారు. నాకు కోపం రాలేదు. వ్యాసంలో దానికి జాగ లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చి కథ మూడోసారి రాశాను. ఈసారి పేజీన్నర అయింది. ఏమండీ లేదు, ఎండ గీతలు లేవు. ఒక ఆడమనిషి కొడుకు పేరు సాగదీసి పిలుస్తుంది. అరుగు మీది పిల్లవాడు తలెత్తుతాడు. "నిన్ను కాదు, నువ్వు సదువుకో," అంటుంది. రోడ్డు అవతలి నుంచి జవాబు వస్తుంది.

అవ్వ కళ్లు మూసుకుని వింటోంది. "'ఇగొచ్చిన' అన్నడు," అని చదివాను. ఆమె చెయ్యెత్తింది.

"ఆగు. గీడ ఆగు."

"ఇంకొంచెమే ఉన్నది అవ్వా."

"ఎర్కే నాకు, ఇంకేమున్నదో. రాలేదని ఉంటది." కళ్లు తెరవకుండానే అంది. "ఆయన వచ్చిన అన్నడు గద. గంతవట్టుకే ఉండనియ్యి."

కాగితం మడిచి పెట్టేశాను. ఆ కథకు అక్కడి తర్వాతి వాక్యం ఈ రోజుకీ ఎవరికీ చదివి వినిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కాలేజీ పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. లోపలి నుంచి అవ్వ పిలిచింది. చాలా రోజుల తర్వాత ఆ పిలుపు. చివరి అచ్చు నా పక్క నుంచి వాకిలి దాటి, గల్లీ దాటి, మూసి ఉన్న దుకాణం దాకా పోయింది. రోడ్డు అవతల టైలర్ భాయ్ మిషను చప్పుడు ఆగింది.

నేను తల ఎత్తలేదు. పలకలేదు. పలికితే నా గొంతే వస్తుంది. చేతిలో ఉన్న పేపరు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను, ఆ పిలుపు నాది కాదు కనుక. ఒక చిన్న మాటకు సరిపడా జాగ వదిలి ఊరుకుంది అవ్వ.

తర్వాత కంచం మీద మూత పెట్టిన చప్పుడు. భాయ్ మిషను మళ్లీ మొదలైంది.

అప్పుడు పొట్టిగా, చివర దారం తెంపినట్టు, నా పేరు. "నిన్నే రా. బువ్వ చల్లగయితది."

లేచాను.